“డబ్బుల్లేవు, మెల్లగా చేస్తాం” అనే దేశాన్ని ఇంటి హక్కు కేసులో ఎలా పట్టుకోవాలి? (మూట్ సమస్య, కొంచెం పెద్దది)

మూట్_తలనొప్పి:

నమస్తే. మూట్ (న్యాయ విద్యార్థుల నమూనా కోర్టు పోటీ) కోసం ఫిర్యాదుదారుల తరఫున మెమోరియల్, అంటే రాతపూర్వక వాదన, రాస్తున్నాం, ముగ్గురం. వేదిక ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల కమిటీ. సమస్యలో ఉన్న కల్పిత దేశం పేరు ‘క’. వాస్తవాలు ఇవీ:

కాలువ గట్టు మీద 340 కుటుంబాలు, ఎవరికీ పట్టాల్లేవు. మార్చి 10న కమ్యూనిటీ హాలు గోడకి నోటీసు అంటించారు, మార్చి 20న ఖాళీ చేయించి కూల్చేశారు. 28 కిలోమీటర్ల దూరంలో పునరావాస స్థలం చూపించారు. అక్కడి నుంచి తొలి బస్సు ఉదయం 6:40కి. గట్టు మీది వాళ్లలో ఎక్కువమంది కూరగాయల మార్కెట్లో మూటలు దించే పని చేస్తారు, ఆ పని తెల్లవారుజామున 4:30కే మొదలు. సామాజిక గృహాల జాబితాలో వీళ్ల పేర్లు ఉండేవి. కానీ “అక్రమంగా ఆక్రమించినవారు అనర్హులు” అనే నిబంధన కింద కొట్టేశారు. అదే సంవత్సరం ప్రభుత్వం 1,100 ప్రభుత్వ ఇళ్లను ఒక ప్రైవేటు కంపెనీకి అమ్మింది. గృహ శాఖకి కేటాయింపు 420 కోట్లు, ఖర్చయింది 262 కోట్లు. అంతకు ముందు సంవత్సరం కేటాయింపు 410 కోట్లు, ద్రవ్యోల్బణం 7 శాతం.

దేశం క ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో పాత సభ్యురాలే. బాధితులు కమిటీకి ఫిర్యాదు చేసే వీలిచ్చే ఐచ్ఛిక ప్రోటోకాల్ ధ్రువీకరణ పత్రాన్ని మాత్రం ఈ ఏడాది జనవరి 2న దాఖలు చేసింది. అత్యున్నత న్యాయస్థానం ఆగస్టు 9న అప్పీలు కొట్టేసింది.

ఎదుటి వాళ్ల వాదన ఒక్కటే: ఇల్లు “క్రమక్రమంగా” అమలు చేయాల్సిన హక్కు, మా దగ్గర డబ్బుల్లేవు. మా డ్రాఫ్ట్ మొదటి వాక్యం “ప్రతి మనిషికీ ఇల్లు పొందే హక్కు ఉంది, దేశం క దాన్ని ఉల్లంఘించింది.” ఇది సరిపోతుందా? కనీస మూల బాధ్యత (ప్రతి హక్కులో కనీస స్థాయినైనా దేశం అందించి తీరాలి) అనే వాదన ముందు పెట్టాలా? యూరప్ సామాజిక చార్టర్ (యూరప్ దేశాల సామాజిక హక్కుల ఒప్పందం) కింద వచ్చిన తీర్పులు ఇక్కడ చెల్లుతాయా?

---

చట్టం_చెట్టు_కింద:

ముందు ఆ మొదటి వాక్యం తీసేయండి. ఆ వాక్యానికి జవాబు చెప్పడం ఎదుటి వాళ్లకి చాలా సులువు: “అవునండీ, హక్కు ఉంది, మెల్లగా ఇస్తున్నాం.” మీరు రుజువు చేయాల్సింది ఇల్లు లేకపోవడం కాదు. దేశం చేయగలిగి చేయని పనులు ఏవి, చేయకూడదని తెలిసీ చేసిన పనులు ఏవి అన్నది.

దానికంటే ముందు తేదీలు. సమస్య రాసినవాళ్లు అక్కడో గుంట తవ్వి పెట్టారు, మీరు గమనించినట్టు లేదు. పత్రం దాఖలు చేసిన రోజున ప్రోటోకాల్ అమల్లోకి రాదు, మూడు నెలలు ఆగాలి. జనవరి 2న వేస్తే ఏప్రిల్ 2న అమల్లోకి వస్తుంది. కూల్చివేత మార్చి 20న జరిగింది, అంటే పదమూడు రోజుల ముందు. ప్రోటోకాల్ 3వ అధికరణం ప్రకారం అమలు తేదీకి ముందు జరిగిన విషయాల మీద ఫిర్యాదు చెల్లదు, అవి ఆ తర్వాత కూడా కొనసాగితే తప్ప. ఎదుటి పక్షం మొదటి పేజీలోనే దీన్ని లేవనెత్తుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, ఆగస్టు 9 నాటి తీర్పు. అసలు ఘటనకి నేరుగా ముడిపడి, ఉల్లంఘనని సరిదిద్దే అవకాశం ఉన్న న్యాయ ప్రక్రియలో వెలువడిన నిర్ణయాన్ని కమిటీ వాస్తవాల్లో భాగంగానే చూస్తుంది. ఆ కోర్టు కూల్చివేతని రద్దు చేయగలిగేది, లేదా ప్రత్యామ్నాయ ఇల్లు ఇమ్మని చెప్పగలిగేది అని చూపించండి. రెండోది, జాబితాలోంచి పేర్లు తీసేసిన నిబంధన. అది ఏప్రిల్ 2 తర్వాత కూడా వాళ్లని రోజూ ఇంటికి దూరంగానే ఉంచుతోంది, కాబట్టి అది కొనసాగుతున్న ఉల్లంఘన. “కూల్చివేత ప్రభావం ఇంకా ఉంది” అని మాత్రం రాయకండి. ప్రభావం మిగిలి ఉండటం వేరు, చర్య కొనసాగడం వేరు. ఈ తేడా తెలియక చాలా మెమోరియళ్లు ఇక్కడే జారిపోతాయి.

స్థానిక పరిష్కారాలు అయిపోయాక ఏడాదిలోపు కమిటీకి వెళ్లాలి. అంటే వచ్చే ఆగస్టు 9 మీ గడువు. ఫిర్యాదు ఒక సంస్థ పేరుతో వేస్తే బాధితుల సమ్మతి ఉండాలి, లేదా సమ్మతి లేకుండా ఎందుకు వేశారో సమర్థించుకోవాలి. మీ సమస్య అనుబంధంలో సమ్మతి పత్రాలు 340 ఉన్నాయా, తక్కువ ఉన్నాయా లెక్కపెట్టుకోండి.

ఇక అసలు విషయం. ఒడంబడిక 2(1) అధికరణంలో “క్రమక్రమంగా” అనే మాట ఉన్న వాక్యంలోనే “చర్యలు తీసుకోవాలి”, “అందుబాటులో ఉన్న వనరుల గరిష్ఠ మేరకు” అనే మాటలూ ఉన్నాయి. దేశాలు మొదటిది చదివి మిగతా రెండూ దాటేస్తాయి. 1990 నాటి 3వ జనరల్ కామెంట్ (ఒడంబడికకి కమిటీ ఇచ్చే వివరణ) ఈ వాక్యాన్నే విడదీసి చెప్పింది. చర్యలు మొదలుపెట్టడం వెంటనే చేయాల్సిన పని. వివక్ష చూపకపోవడమూ వెంటనే పాటించాల్సిందే. కావాలని వెనక్కి వెళ్తే దాన్ని సమర్థించుకోవడం ఆ దేశం పని.

బలవంతంగా ఖాళీ చేయించడం అయితే అసలు ఈ “క్రమక్రమంగా” గొడవలోకే రాదు. కూల్చకుండా ఊరుకోవడానికి బడ్జెట్ ఎందుకు? మనిషికి చేతికి నోటీసు ఇవ్వడానికి ఎన్ని కోట్లు కావాలి? 1997 నాటి 7వ జనరల్ కామెంట్, 15వ పేరా తీయండి. నిజమైన సంప్రదింపులు, సహేతుకమైన ముందస్తు నోటీసు, ఆ స్థలాన్ని దేనికి వాడబోతున్నారన్న సమాచారం, సంఘటన స్థలంలో ప్రభుత్వ అధికారుల హాజరు, కూల్చేవాళ్లెవరో గుర్తుపట్టేలా ఉండటం, రాత్రిపూట లేదా వాతావరణం మరీ పాడుగా ఉన్నప్పుడు చేయకపోవడం, చట్టపరమైన పరిష్కారం, న్యాయ సహాయం. 16వ పేరా: దీని వల్ల ఎవరూ నిలువ నీడ లేకుండా కాకూడదు. మీ వాస్తవాల పక్కన ఈ ఎనిమిదీ పెట్టి ఏది జరిగింది, ఏది జరగలేదు, దేని గురించి సమస్య మౌనంగా ఉంది అని మూడు గళ్లలో రాసుకోండి. మౌనంగా ఉన్నవాటిని ఉల్లంఘనలుగా రాయకండి, జడ్జి అడిగితే దొరికిపోతారు.

నోటీసు విషయంలో ఒక హెచ్చరిక. 90 రోజులు అనే అంకె 7వ జనరల్ కామెంట్‌లో లేదు. అది 2007లో ఐరాస ప్రత్యేక ప్రతినిధి ఇచ్చిన మార్గదర్శకాల్లోది. ఒడంబడికలో ఉందని రాస్తే అబద్ధమవుతుంది, “సహేతుకం” అంటే ఎంతో కొలవడానికి వాడితే బలమవుతుంది. ఇక గోడకి అంటించిన నోటీసుకి 2015లో స్పెయిన్ మీద వచ్చిన నిర్ణయం, కమ్యూనికేషన్ (కమిటీకి అందిన ఫిర్యాదు) 2/2014 చూడండి. అక్కడ తనఖా కేసులో మనిషికి నేరుగా అందజేసే మార్గాలన్నీ వాడకుండానే నోటీసు బోర్డులో ప్రకటించి సరిపెట్టారు. కమిటీ దాన్ని ఉల్లంఘన అంది.

---

బడ్జెట్_కాగితం:

పైన చెప్పిన తేదీల లెక్కకి నా వంతుగా అంకెల లెక్క. “డబ్బుల్లేవు” అన్నది వాదన కాదు, అదొక ప్రకటన. దాన్ని బడ్జెట్ పత్రం పక్కన పెట్టి చదివితే తేలిపోతుంది.

ఏ బడ్జెట్‌లోనైనా చూడాల్సినవి మూడు అంకెలు: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం. మీ సమస్యలో మొదటిది 420, చివరిది 262. మిగిలింది 158 కోట్లు, అంటే కేటాయించిన దాంట్లో 37.6 శాతం కదల్లేదు. సవరించిన అంచనా ఇవ్వకపోతే అది లేదని రాయండి. ఇచ్చి ఉంటే జాగ్రత్తగా చూడండి. ఏడాది మధ్యలోనే కోత పడిందా, లేక చివరిదాకా ఉంచి ఖర్చు పెట్టలేదా? మొదటిది నిర్ణయం, రెండోది చేతకానితనం. ఈ హక్కుల ఉల్లంఘనలపై నిపుణులు రాసిన 1997 మాస్ట్రిక్ట్ మార్గదర్శకాలు చేయలేకపోవడానికీ చేయదలచుకోకపోవడానికీ గీత గీశాయి, ఆ గీత మీకు ఇక్కడ పనికొస్తుంది.

ఇప్పుడు దగ్గర నుంచి చూద్దాం. అనుబంధంలో నెల అద్దె సగటు ఇచ్చి ఉంటారు కదా, 6,000 అనుకుందాం. 340 కుటుంబాలకి నెలకి 20 లక్షల 40 వేలు. ఏడాది మొత్తానికి 2 కోట్ల 45 లక్షలకి కాస్త తక్కువ. మిగిలిపోయిన 158 కోట్లలో ఇది 1.55 శాతం. అందరినీ ఏడాదిపాటు అద్దె ఇళ్లలో పెట్టడానికి, ఖర్చు కాని డబ్బులో వందకి రూపాయిన్నర చాలేది. మీ మెమోరియల్‌లో ఒకే ఒక్క అంకె గుర్తుండిపోవాలంటే ఇదే ఉండాలి. 420, 262 అని రాసి వదిలేస్తే చదివేవాడికి ఏమీ అంటదు.

రెండో అంకె: కేటాయింపు 410 నుంచి 420కి “పెరిగింది” అని ఎదుటి వాళ్లు అంటారు. 7 శాతం ద్రవ్యోల్బణం తీసేస్తే ఆ 420 పాత ధరల్లో 392.5 అవుతుంది. నిజానికి 4.3 శాతం తగ్గింది. 420 లోంచి 7 శాతం తీసివేసి 390.6 అని రాసేవాళ్లు ఉంటారు, అది తప్పు. 1.07తో భాగించాలి.

మూడోది ఆ 1,100 ఇళ్ల అమ్మకం. మీకు దొరికిన అతి పెద్ద ఆయుధం ఇది. 2017లో స్పెయిన్ మీద వచ్చిన నిర్ణయం, కమ్యూనికేషన్ 5/2015 తప్పకుండా చదవండి. మాడ్రిడ్‌లో అద్దె గడువు అయిపోయి, చిన్నపిల్లలతో సహా రోడ్డున పడ్డ కుటుంబం అది. ఏళ్ల తరబడి సామాజిక గృహం కోసం దరఖాస్తు పెడుతూనే ఉన్నారు. అదే కాలంలో ప్రాంతీయ ప్రభుత్వం 2,935 ఇళ్లని పెట్టుబడి కంపెనీలకి అమ్మేసింది. అందుబాటులో ఉన్న వనరులన్నీ వాడాం అని స్పెయిన్ చూపించలేకపోయింది. మీ కేసులో 340 కుటుంబాలకి ఎదురుగా 1,100 ఇళ్లున్నాయి, మూడింతలకి పైనే. ఒక్క జాగ్రత్త: ఆ ఇళ్లు అప్పటికే జనంతో నిండి ఉన్నాయా, ఖాళీగా ఉన్నాయా చూసుకోండి. నిండి ఉంటే “340 మందికి ఇచ్చి ఉండొచ్చు” అనలేరు. “సామాజిక గృహాల నిల్వని కావాలనే తగ్గించారు” అనాలి, అది వెనక్కి నడిచే చర్య.

“బడ్జెట్‌లో పెట్టలేదండీ” అన్న సాకు మీద దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2011లో బ్లూ మూన్‌లైట్ కేసులో గట్టిగానే మాట్లాడింది. ముందుగా ఆలోచించి కేటాయించాల్సిన దానికి కేటాయించకుండా, ఇప్పుడు వచ్చి లేదంటే కుదరదు అని దాని సారం. కమిటీ దానికి కట్టుబడి ఉండదు, కానీ తర్కాన్ని అరువు తెచ్చుకోవచ్చు.

పేదరికం లెక్క కూడా అనుబంధంలో ఉంటే చెప్పండి, అందులో అందరూ ఒకే తప్పు చేస్తారు.

---

ఎదురు_పక్షం:

పై ఇద్దరూ బాగా చెప్పారు. నేను కాసేపు దేశం క లాయర్‌ని అవుతా, లేకపోతే మీరు మౌఖిక రౌండ్‌లో ఇరుక్కుంటారు.

158 కోట్లు మిగిలాయంటారా? “అది ఫలానా పథకానికి ముడిపెట్టిన నిధి, అద్దె సాయానికి మళ్లించడానికి చట్టం ఒప్పుకోదు” అంటా. మీ జవాబు సిద్ధంగా ఉండాలి: సొంత చట్టాన్ని చూపించి ఒప్పంద బాధ్యత తప్పించుకోలేరు, ఒప్పందాల చట్టంపై వియన్నా ఒప్పందం 27వ అధికరణం అదే చెబుతోంది. తర్వాత నేను ప్రోటోకాల్ 8(4) తీస్తా. కమిటీ చూడాల్సింది చర్యల సహేతుకతని. దేశం అనేక విధానాల్లోంచి ఎంచుకోవచ్చని ఆ వాక్యమే ఒప్పుకుంటుంది. కాబట్టి “అద్దె సాయం ఇచ్చి ఉండాల్సింది” అని మీరు ఒకే దారి పట్టుకుంటే నాకు పండగ. “దేశం ఏ దారీ పరిశీలించిన దాఖలా లేదు” అనండి, అప్పుడు కాగితాలు చూపించాల్సింది నేను.

కనీస మూల బాధ్యత గురించి. 3వ జనరల్ కామెంట్ 10వ పేరాలో ఉంది: చెప్పుకోదగ్గ సంఖ్యలో జనానికి ప్రాథమిక ఆశ్రయం లేకపోతే ప్రథమ దృష్టికి ఆ దేశం బాధ్యత తప్పినట్టే. వినడానికి అద్భుతం. కానీ “చెప్పుకోదగ్గ సంఖ్య” ఎంత? 340 కుటుంబాలు దేశ జనాభాలో ఎంత? నేను అదే అడుగుతా. పైగా గ్రూట్‌బూమ్ కేసులో, 2000 సంవత్సరంలో, అదే దక్షిణాఫ్రికా కోర్టు ఈ కొలతని పక్కన పెట్టింది. అక్కడ 390 మంది పెద్దలు, 510 మంది పిల్లలు ఆట మైదానంలో ప్లాస్టిక్ పట్టాల కింద ఉన్నారు. కోర్టు “మూలం” ఏమిటో తేల్చే పనిలో పడకుండా కార్యక్రమం సహేతుకమా అని అడిగింది. దీర్ఘకాల ప్రణాళిక ఉంది, కానీ ఈ రాత్రికి తలదాచుకునే చోటు లేని వాళ్లకి అందులో ఏమీ లేదు, అందుకే అసహేతుకం అంది. మీ కేసుకి అచ్చంగా సరిపోయే కొలత ఇది. నా సలహా: సహేతుకత ముందు, కనీస మూలం తర్వాత, అదీ రెండు పేరాల్లో. మూలం వాదనకి ఒక్కటే నిజమైన లాభం ఉంది. ప్రతి వనరునీ ప్రాధాన్యంగా వాడామని నిరూపించుకునే భారం దేశం మీద పడుతుంది. ఆ ఒక్క లాభం కోసం వాడండి.

యూరప్ చార్టర్ విషయంలో చాలామంది తడబడతారు. 1996 సవరించిన చార్టర్‌లో 30వ అధికరణం పేదరికం నుంచి రక్షణ, 31వది నివాసం. కానీ ఆ చార్టర్‌లో సభ్యదేశం అన్ని అధికరణాలూ ఒప్పుకోనక్కర్లేదు. తొమ్మిది కీలక అధికరణాల్లో కనీసం ఆరు, మొత్తంమీద కనీసం పదహారు అధికరణాలు లేదా 63 నంబరు పేరాలు ఎంచుకుంటే చాలు. 31 వదిలేసిన దేశాలున్నాయి. దేశం క ఆ చార్టర్‌లో అసలు ఉందో లేదో సమస్య చెప్పలేదు, కాబట్టి “కట్టుబడి ఉంది” అనే మాటే రాకూడదు. అక్కడి ఫిర్యాదు తీరు కూడా వేరు. అది సామూహికం, అర్హత ఉన్న సంఘాలే వేయాలి, బాధితుడి పేరు అక్కర్లేదు, స్థానిక కోర్టులు తిరిగి రానక్కర్లేదు. ఆ నిర్ణయాలని తెచ్చి వ్యక్తిగత ఫిర్యాదులో అతికిస్తే అతుకు కనిపిస్తుంది.

అయినా ఒకటి అరువు తెచ్చుకోదగ్గది ఉంది. 2007 డిసెంబరులో ఫ్రాన్స్ మీద వచ్చిన నిర్ణయం, ఫిర్యాదు 39/2006. ఫలితం వెంటనే రావాలని అక్కడ అడగలేదు, కానీ దేశం ఏం చేసి ఉండాలో ఐదు ముక్కల్లో చెప్పారు: చట్ట, ఆర్థిక, నిర్వహణ సాధనాలు సమకూర్చుకోవాలి. అవసరాలు, వనరులు, ఫలితాలపై అర్థవంతమైన గణాంకాలు ఉంచాలి. వ్యూహాల ప్రభావాన్ని ఎప్పటికప్పుడు సమీక్షించాలి. గడువులు పెట్టుకోవాలి, వాటిని అలా వాయిదా వేస్తూ పోకూడదు. ప్రతి వర్గం మీద, ముఖ్యంగా బలహీనుల మీద, ప్రభావం గమనించాలి. మీ సమస్యలో గడువు ఉందా? గణాంకం ఉందా? “క్రమక్రమంగా” అనే పదానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు కనబడలేదు.

---

మూట్_తలనొప్పి:

ఏప్రిల్ 2 సంగతి చూసి ముగ్గురం తలలు పట్టుకున్నాం. ధన్యవాదాలు చట్టం గారు. సమ్మతి పత్రాలు 312 ఉన్నాయి. ఇళ్ల అమ్మకం అనుబంధం మళ్లీ చదివాం, 1,100లో 410 ఖాళీగానే ఉన్నాయట!

పేదరికం లెక్క ఉంది. దేశ మధ్యస్థ ఆదాయం “సమాన వినియోగ యూనిట్‌కి” (ఇంట్లో ఎంతమంది, ఏ వయసు అన్నదాన్ని బట్టి సర్దిన లెక్క) నెలకి 15,000. దేశం క పేదరిక రేఖ మాత్రం కుటుంబానికి 8,000. గట్టు మీది సగటు కుటుంబం ఇద్దరు పెద్దలు, పద్నాలుగేళ్లలోపు పిల్లలు ఇద్దరు, నెల ఆదాయం 14,000. కాబట్టి వీళ్లు పేదలే కారని ప్రభుత్వం అంటోంది. ఇంకో రెండు ప్రశ్నలు: 28 కిలోమీటర్లు అనేదాన్ని ఎక్కడ పెట్టాలి? ఉపశమనంగా ఏమేం అడగొచ్చు?

---

బడ్జెట్_కాగితం:

410 ఖాళీ ఇళ్లా! ఇంకేం, 340 కంటే ఎక్కువ. అయితే నేను ముందు చెప్పిన జాగ్రత్త మీకు అక్కర్లేదు, నేరుగానే అనండి.

పేదరికం: మధ్యస్థ ఆదాయంలో 60 శాతం అనే గీత యూరప్ గణాంకాలు వాడేది. 15,000లో 60 శాతం 9,000. ఇక్కడే అందరూ పడతారు, నలుగురున్నారు కాబట్టి 36,000 అంటారు. అలా కాదు. ఇంట్లో మొదటి పెద్దకి 1 యూనిట్, పద్నాలుగు దాటిన ప్రతి మరో మనిషికి 0.5, ఆ లోపు పిల్లకి 0.3. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలంటే 1 + 0.5 + 0.3 + 0.3 = 2.1. దాన్ని 9,000తో గుణిస్తే గీత 18,900. వీళ్ల ఆదాయం 14,000, గీతకి నాలుగు వేల తొమ్మిది వందలు కింద. ఈ కొలత ఒడంబడికలో లేదని ఒప్పుకుంటూ రాయండి. మీ పాయింటు వేరు: దేశం క ఎంచుకున్న 8,000 ఎలా వచ్చింది, చివరిసారి ఎప్పుడు సవరించారు, కుటుంబంలో ఇద్దరున్నా ఏడుగురున్నా అదే ఎందుకు?

అద్దె 6,000 అంటే ఆదాయంలో 42.9 శాతం. ఇంటి ఖర్చు 40 శాతం దాటితే యూరప్ గణాంక సంస్థ యూరోస్టాట్ దాన్ని మోయలేని భారంగా లెక్కిస్తుంది. 4వ జనరల్ కామెంట్‌లో శాతం ఏదీ లేదు, ఇంటి ఖర్చు మిగతా కనీసావసరాలని దెబ్బతీయకూడదు అని ఉంది. రెండూ పక్కపక్కన రాయండి, ఒకటిగా కలిపేయకండి.

---

చట్టం_చెట్టు_కింద:

312 సమ్మతులంటే మిగతా 28 కుటుంబాల తరఫున మాట్లాడకండి. శీర్షికలోనే “312 కుటుంబాలు” అనండి. సాధారణ ఉపశమనం ఎలాగూ అందరికీ వర్తిస్తుంది. అంకె మారితే బడ్జెట్_కాగితం గారి లెక్క కూడా మార్చుకోవాలి: 312 కుటుంబాలకి ఏడాదికి 2 కోట్ల 24 లక్షల 64 వేలు.

28 కిలోమీటర్లని 4వ జనరల్ కామెంట్ 8వ పేరా కింద పెట్టండి. తగిన ఇల్లు అంటే ఏడు కొలతలు: హక్కు భద్రత, సేవలు సౌకర్యాలు, భరించగలిగే ఖర్చు, నివాసయోగ్యత, అందరికీ చేరువ, చోటు, సాంస్కృతిక తగినతనం. ఏడూ వరుసగా రాసుకుంటూ పోయే మెమోరియల్ నీరసంగా ఉంటుంది. మీకు బలమైనవి మూడే: భద్రత, ఖర్చు, చోటు. చోటు గురించి చెప్పేటప్పుడు పని దగ్గరికి వెళ్లి రావడానికి అయ్యే సమయం, డబ్బు పేద కుటుంబాల మీద పడే భారమని ఆ పేరా స్పష్టంగా అంటుంది. దాని కింద 4:30 పని, 6:40 బస్సు పెట్టండి. విశేషణాలేవీ వద్దు. ఆ రెండు సమయాలూ పక్కపక్కన ఉంటే చాలు. బస్సు ఛార్జీ ఇచ్చి ఉంటే దాన్ని కూడా లెక్కకట్టండి. ఉదాహరణకి ఒకవైపు 35 అయితే రానుపోను 70, నెలకి 26 రోజులకి 1,820, ఇద్దరు పనికి వెళ్తే 3,640. అంటే 14,000లో 26 శాతం.

జాబితాలోంచి తీసేసిన నిబంధనకి 2019 నాటి స్పెయిన్ నిర్ణయం, కమ్యూనికేషన్ 37/2018. పట్టా లేకుండా ఉంటున్న తల్లి, పిల్లల్ని ఖాళీ చేయించారు, ఆక్రమణ కారణంతో సామాజిక గృహానికి అనర్హులన్నారు. రెండు తప్పులు పట్టుకుంది కమిటీ. ఒకటి, ఖాళీ చేయించడం వల్ల వచ్చే మేలుకీ, వీళ్లకి జరిగే నష్టానికీ పొంతన ఉందా అని ఏ న్యాయాధికారీ తూచలేదు. రెండు, ఇల్లు లేక ఆక్రమించినవాళ్లని ఆక్రమించారనే కారణంతో ఇంటి జాబితా నుంచి బయట పెడితే, అవసరం ఎక్కువున్నవాళ్లే ఎప్పటికీ బయట ఉండిపోతారు. మీ ఆగస్టు 9 తీర్పులో ఆ తూకం ఉందా? లేకపోతే ఈ నిర్ణయం మీ కాలపరిమితి వాదనకి కూడా సాయపడుతుంది, ఎందుకంటే తూచకపోవడం ఏప్రిల్ 2 తర్వాత జరిగిన తప్పు.

ఉపశమనం రెండు కట్టలుగా అడగండి. వ్యక్తిగతం: ఇప్పుడున్న స్థితిని మళ్లీ మదింపు చేసి, తగిన ఇల్లు లేనివాళ్లకి వాళ్లతో నిజంగా సంప్రదించి ఇల్లు చూపడం, నష్టపరిహారం, న్యాయ ఖర్చులు. సాధారణం: ఆ అనర్హత నిబంధన సవరణ, ఖాళీ చేయించే ముందు కోర్టు పొంతన తూచే ప్రక్రియ, గడువులూ నిధులూ ఉన్న ప్రణాళిక. “పాత ఇళ్లు అదే గట్టు మీద కట్టించాలి” అని అడిగితే వినడానికి బాగుంటుంది కానీ ఇప్పించుకోవడం కష్టం. నిర్ణయం వచ్చాక ఆరు నెలల్లో దేశం రాతపూర్వకంగా జవాబివ్వాలి, అది మీరు అడగకపోయినా ప్రోటోకాల్ 9వ అధికరణంలో ఉంది.

---

ఎదురు_పక్షం:

మౌఖిక రౌండ్‌కి ఒక ప్రశ్న ఇప్పుడే సిద్ధం చేసుకోండి, తప్పకుండా వస్తుంది: “కాలువ గట్టు ప్రమాదకరం, వరద వస్తే వీళ్లే పోతారు. కాపాడటానికే తీశాం.” భద్రత కారణం నిజమే కావచ్చు, దాన్ని ఎగతాళి చేయకండి. 2008లో జోహానెస్‌బర్గ్‌లో శిథిల భవనాల నుంచి నాలుగు వందల మందికి పైగా ఖాళీ చేయించే ఒలివియా రోడ్ కేసులోనూ భద్రతే కారణం. ముందు వాళ్లతో కూర్చుని అర్థవంతంగా మాట్లాడండి, ఏం మాట్లాడారో కోర్టుకి చూపించండి అని అదే దక్షిణాఫ్రికా కోర్టు అంది. మార్చి 10కి, 20కి మధ్య దేశం క తరఫున ఒక్క మీటింగ్ మినిట్స్ అయినా ఉన్నాయా అని అడగండి.

మన సుప్రీంకోర్టు ఓల్గా టెల్లిస్ తీర్పుని వాడదామని ఎవరో ఒకరు అంటారు. 1985 నాటి ఆ తీర్పు జీవించే హక్కులో జీవనోపాధి ఉందంది. అందుకని 4:30 మార్కెట్ పనికి బాగా సరిపోతుంది. కానీ ఖాళీ చేయించే ముందు ప్రత్యామ్నాయ స్థలం తప్పనిసరి అని మాత్రం అనలేదు. ఆ రెండో సగం నా చేతిలో కత్తి. వాడితే రెండు సగాలూ మీరే చెప్పండి. లేదంటే ఢిల్లీ హైకోర్టు 2019లో అజయ్ మాకెన్ కేసులో ఒడంబడికనీ ఆ జనరల్ కామెంట్లనీ చదివిన తీరు చూడండి, అది మీకు దగ్గర.

ఇంకా ఒకటి. మెమోరియల్‌లో “మురికివాడ” అని రాశారేమో వెతికి, ఉంటే తీసేసి “కాలువ గట్టు నివాసం” అని పెట్టండి. సమస్య వాక్యాల్లో ఆ పదం వాడింది దేశం క మాత్రమే అయి ఉంటుంది.